మణియం పిట్ట

మా ముత్తాత ఈ ఊరి మణియం. ఆయన తర్వాత మా తాత, తాత తర్వాత మా నాన్న. మణియం అంటే ఊరి శిస్తు వసూలు చేసేవాడు, గట్టు తగాదాలు తీర్చేవాడు, తాలూకా అధికారి వస్తే ఊరి తరఫున ఎదురు వెళ్ళేవాడు. తమిళ నెల పంగునిలో వచ్చే పండుగలో దేవుడి వస్త్రాన్ని మనిషి తలకు చుట్టే మర్యాద ఒకటుంది, పరివట్టం అంటారు. అది మొదట మా ఇంటివాళ్ళకే చుట్టేవారు. మా నల్లరేగడి పత్తి విరుదునగర్ మండీకి బళ్ళ మీద వెళితే, మొదటి బండి అక్కడికి చేరేసరికి ఆఖరి బండి ఇంకా మన పొలిమేర దాటేది కాదని మా నాన్న చెప్పేవారు. అంత దూరం అన్ని బళ్ళు ఎక్కడివని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

నేను మణియం కాలేదు. నా వంతు వచ్చేలోపు ఆ పదవినే ప్రభుత్వం ఎత్తేసింది. కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లు టైమ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఉండి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ ఇంట్లో నేను, మా అక్క. ఆమె భర్త పోయాక ఇక్కడికే వచ్చేసింది.

పోయిన ఏడు మా పెరడు అమ్మడానికి ఒప్పుకున్నాను. ఎందుకన్నది ఇక్కడ రాయను. కొన్నది మా వీధి చివర ఉండే వ్యాను యజమాని. పొద్దున్నే ఆడవాళ్ళను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు తీసుకెళ్ళే వ్యాన్లు అతనికి నాలుగున్నాయి. వాటికి షెడ్డు కట్టుకోవాలని అతని కోరిక. పంగుని ఒకటో తేదీన పెరడు అప్పగిస్తానని మాట ఇచ్చాను. మా ఇంట్లో వాళ్ళు ఇచ్చిన మాటకు గడువు అడిగి ఎరగరు. గడువు అడిగినవాళ్ళకు ఇచ్చారు.

అంతకు ముందు నెల, మాసి నెల, నేను ప్రతి పొద్దునా పెరట్లోనే గడిపాను.

మాసిలో మా పెరట్లో ఒకేసారి తెల్లవారదు. ముందు బావి గట్టు తెల్లబడుతుంది. తర్వాత వేపచెట్టు తల. చెట్టు కింద మాత్రం చాలాసేపు రాత్రి మిగిలే ఉంటుంది, ఎవరో తుడవడం మరిచిపోయినట్టు. ఆ మిగిలిన చీకట్లోంచి ముందు తవుడు పిట్టలు బయటికి వస్తాయి. తవుడు రంగులో ఉంటాయి, ఎప్పుడూ ఆరో ఏడో కలిసి తిరుగుతాయి, అన్నీ ఒకేసారి మాట్లాడతాయి, ఒక్కటీ వినదు. వాటి గోల విని కరివేపచెట్టులో పికిలిపిట్ట ఒక మాట అంటుంది. కరెంటు తీగ మీద నల్లటి ఏట్రింత పిట్ట తోక దులుపుకుంటుంది. అప్పుడు ఏళాయిరంపన్నై వైపు నుంచి, టపాసులు చేసేవాళ్ళు ఒకటి కాల్చి చూస్తే, దూరంగా డుమ్మని వినిపిస్తుంది. మా పిట్టలు దానికి తల కూడా తిప్పవు. పుట్టినప్పటి నుంచీ వింటున్నాయి.

బావి పక్కన బట్టలుతికే రాయి మీద కూర్చునేవాణ్ణి. ఆనుకోకుండా, నిటారుగా. మా నాన్న ఎదుట నడుం వాల్చి కూర్చుంటే జ్వరమా అని అడిగేవారు. అలా కదలకుండా కూర్చుంటే కొంతసేపటికి పెరడు మనిషిని లెక్కలోంచి తీసేస్తుంది. ఉడుత నా చెప్పు మీదుగా వెళ్ళింది ఒకరోజు. ఒక ముంగిస గోడ వెంట వచ్చి, నా ఎదుట ఆగి, ముందు కాళ్ళు ఎత్తి నిలబడి, నన్ను పైనుంచి కింది వరకు చూసి, పని లేదనుకుని పోయింది. వేపపూత రాలుతూ ఉండేది. అది రాలే చప్పుడు వినిపిస్తుందని ఎవరితోనైనా అంటే నవ్వుతారు, కానీ వినిపిస్తుంది. నా భుజాల మీద, అక్క తోమి బోర్లించిన గిన్నెల మీద, బావి నీళ్ళ మీద. కళ్ళు తెరిచే ఉన్నా అవన్నీ నిద్రలో చూసినట్టు ఉండేవి. మిల్లులో ముప్పై ఏళ్ళు ఇతరులు వచ్చిన వేళలు రాసుకున్నవాణ్ణి, ఇక్కడ ఎండ ఎప్పుడు నా మోకాళ్ళ వరకు ఎక్కిందో చెప్పలేకపోయేవాణ్ణి.

అలాంటి ఒక పొద్దునే మణియం పిట్టను చూశాను.

ఇంచుమించు మైనా అంత ఉంటుంది. ఒళ్ళు పచ్చి మట్టి రంగు, రెక్కలకు నలుపూ తెలుపూ చారలు, సన్నగా వంగిన పొడవాటి ముక్కు. తల మీద తురాయి. నేల మీద వాలగానే ఆ తురాయిని విసనకర్రలా విప్పి, చుట్టూ చూసి, మళ్ళీ మూస్తుంది. నడిచేటప్పుడు ప్రతి అడుక్కీ తల ఊపుతుంది, ఎవరో పెట్టుకున్న అర్జీ వింటున్నట్టు. ఆంధ్రలో దీన్ని కూకుడుగువ్వ అంటారని తర్వాత తెలిసింది, తమిళంలో కొండలాత్తి. మా ఇంట్లో మాత్రం నాకు తెలిసినప్పటి నుంచీ మణియం పిట్టే. మా అవ్వ అలాగే పిలిచేది. బడిలో పిట్టల పేర్లు చెప్పమంటే లేచి నిలబడి, దాన్నే తమిళం చేసి, మణియక్కార కురువి అన్నాను. మాస్టారు నవ్వారు. ఆయన పొరుగు ఊరివాడు, తెలియదులే అనుకున్నాను. మా ఇంటి పదవిని బట్టి ఒక పిట్టకు పేరు వచ్చిందంటే అది చిన్న సంగతి కాదని అరవై ఏళ్ళు నమ్మాను.

అది సందు వైపు గోడకు ఎగిరింది. అది పాత మట్టిగోడ, నడుం ఎత్తులో ఒక చోట రాయి ఊడిపోయి బొక్క పడింది. పిట్ట బొక్క అంచుకు వేలాడి ముక్కు లోపలికి పెట్టింది. లోపలి నుంచి ఇంకో ముక్కు వచ్చి పురుగును అందుకుంది. పెట్ట గుడ్ల మీద ఉందన్నమాట. అది బయటికి రాదు. ఆ కాలమంతా పుంజే తెచ్చి పెట్టాలి. ఎరువు కుప్ప తవ్వి తెచ్చేది, తడి మట్టి తవ్వి తెచ్చేది, వచ్చిన ప్రతిసారీ గోడ మీద ఆగి ఊప్, ఊప్, ఊప్ అని మూడు మాటలు చెప్పేది. సీసా మూతి మీద ఎవరో మెల్లగా ఊదినట్టుండేది ఆ గొంతు. మధ్యాహ్నం మంచం మీద పడుకున్నా చెవిలో అదే. నెల ముగింపుకు వస్తోందన్నది నాకు గుర్తు లేదు. గుర్తు చేసుకోలేదేమో.

మాసి ఇరవై దాటాక ఒకరోజు బొక్క దగ్గరికి చెవి పెడితే లోపల బుస్సుమంది. పామనుకుని వెనక్కి తగ్గాను. పిల్లలే. దగ్గరికి ఎవరు వచ్చినా అలాగే బుసకొడతాయి. పైగా భరించలేని కంపు. ఆ పిట్ట గూడు శుభ్రం చేసుకోదు. బయట తురాయి, లోపల ఆ కంపు.

అక్క నా వెనకే చెంబుతో నిలబడి ఉంది. గోడ పడేది ఎన్నాళ్ళకని అడిగింది. వేళ్ళ మీద లెక్క పెట్టాను. పది రోజులు లేవు. సందులోంచి లారీలు రావాలంటే ముందు ఆ గోడే పడాలి, మొదటి రోజే పొక్లెయిన్ వస్తుందని వ్యాను యజమాని ముందే చెప్పాడు. పిల్లలు ఎగరడానికి ఇంకా మూడు వారాలైనా కావాలి.

పోయి అడగమంది అక్క. అడగనన్నాను. ఒప్పుకున్న తేదీ తేదీయే, గడువు అడిగేది మన ఇంట్లో లేదన్నాను.

"మన ఇంట్లో ఇప్పుడు ఏముండాది చెప్పు. నేనుండా, నువ్వుండావు, ఎలకలుండాయి."

నేను వెనక్కి తిరిగి రాయి వైపు నడిచాను.

"పోయి అడిగితే ఏం పోతాది? నీ నడుం వంగదని పిట్టపిల్లలు చావాలనా?"

నాలుగు రోజులు అలాగే గడిచాయి. రాయి మీద కూర్చునేవాణ్ణి కానీ వెనకటి మాదిరి కాదు. పెరడు నన్ను మరిచిపోయేది కాదు. ఉడుతలు చుట్టూ తిరిగి వెళ్ళేవి. పుంజు పురుగు తెచ్చిన ప్రతిసారీ నాకు తెలియకుండానే లెక్కపెట్టేవాణ్ణి. ఒక పొద్దున అది నలభై సార్లు వచ్చింది. పాలిపోయిన చంద్రుడు ఇంకా వేపచెట్టు మీదే ఉన్నాడు, దాని కింద ఆ చిన్న జీవం నిద్రలో నడుస్తున్నదానిలా వస్తూ పోతూ ఉంది, దాని ఈకలు నలిగిపోయాయి, తురాయి సరిగా విప్పడం కూడా మానేసింది. నలభై ఒకటోసారి వచ్చేసరికి నేను చొక్కా వేసుకుని వీధిలోకి వచ్చేశాను.

వ్యాను యజమాని ఇల్లు నాకు వంద అడుగుల దూరం. అంతవరకు ఆ గడప తొక్కలేదు. వాళ్ళదీ తెలుగు ఇల్లే. అతని తల్లి చిన్నప్పుడు మా చేలల్లో పత్తి ఏరేది. నేను వెళ్ళేసరికి అతను వ్యాను అద్దం తుడుస్తున్నాడు. తల్లి తిన్నె మీద కూర్చుని చేటలో పప్పు చెరుగుతోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు.

"రండయ్యా. మీరేంటికి వచ్చింది? చెప్పి పంపుంటే నేనే వచ్చుందును గదా."

ఎలా మొదలుపెట్టాలో దారిలో సిద్ధం చేసుకున్నాను. అడుగుతున్నట్టు ఉండకూడదు, తెలియజేస్తున్నట్టు ఉండాలి. నిలబడే చెప్పాను.

"సందు గోడలో మణియం పిట్ట గూడు పెట్టుండాది. పిల్లలుండాయి. నీకు తెలియాలని చెప్తుండా."

అతను ఒకసారి తల్లి వైపు చూసి, వెంటనే వ్యాను అద్దం వైపు చూశాడు. ముసలామె చేట కింద పెట్టింది.

"ఏం పిట్ట అన్నావు చిన్నయ్యా?"

మళ్ళీ చెప్పాను, కొంచెం గట్టిగానే. మా తాతల పదవి పేరు మీద ఉన్న పిట్ట అని కూడా చెప్పాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చప్పుడు లేదు కానీ భుజాలు ఊగుతున్నాయి. ఆ పేరు ఇంకా బతికే ఉండాదా అంది కళ్ళు తుడుచుకుంటూ. కొడుకు ఆమెను ఊరుకోమన్నాడు. ఊరుకోలేదు.

"కోపం పడకూడదు. మేము పత్తి ఏరేటప్పుడు మీ తాత గట్టు మీద వస్తాడు గదా. ఆ తలకట్టు, ఆ నడక. అడుక్కొకసారి తల ఊపేది. ఆయన్ని చూస్తే 'పిట్ట దిగింది, పిట్ట దిగింది' అని మేము ఒకరికొకరం చెప్పుకునేది. అంతే, అందరి నడుములూ వంగేది."

"అమ్మా, సుమ్మా ఉండు."

"ఉండరా. ఆ తరవాత ఆ కొండలాత్తి యాడ కనిపించినా మాకు ఆయనే. మీ అవ్వకు తెలుసు చిన్నయ్యా. తెలిసిన దినం ఆయమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. మీ పిల్లోళ్ళకు ఆ పేరు నేర్పించింది ఆయమ్మే. ఆ పిట్ట గూటి కంపు సంగతి నేను చెప్పలే గదా."

కొడుకు అద్దం తుడవడం ఆపేసి, నా ముఖం చూడలేక, బకెట్టు తీసుకుని అవతలికి వెళ్ళాడు.

నాకు కోపం రావాలి. వస్తుందని కాసేపు ఎదురుచూశాను కూడా. దాని బదులు మా తాత కనిపించాడు. నేను నాలుగైదేళ్ళవాణ్ణి అప్పుడు. గట్టు మీద ఎండలో వస్తున్నాడు, తెల్లటి తలపాగాతో, నాలుగు వైపులా చూసుకుంటూ, తల ఊపుకుంటూ. చేనంతా తెల్లగా పత్తి. అందులో వంగిన వీపులు. ఆ వీపులన్నీ నవ్వుతున్నాయి. ఆయనకు తెలియదు. ఆయన అంత తృప్తిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చిత్రం ఎంతసేపు నా ఎదుట ఉందో తెలియదు. చూస్తే నేను తిన్నె మీద కూర్చుని ఉన్నాను, వీపు గోడకు ఆని ఉంది, నా చేతిలో మంచినీళ్ళ చెంబుంది.

అతను తిరిగి వచ్చాక అడిగాను. తెలియజేయలేదు, అడిగాను. ఇరవై ఐదు దినాలు ఆ గోడ ముట్టుకోకుండా ఉండగలవా అని. ఆ మాట అంత కష్టంగా లేదు. నా ముఖంలో ఏం కనిపించిందో, ముసలామె నవ్వు ఆపి పప్పులోకి తల వంచుకుంది.

అతను ఆలోచించాడు. గోడను అలాగే ఉంచడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు. కానీ మేస్త్రీ, పనివాళ్ళు ఒప్పుకున్న రోజుకే వస్తారు, ఇప్పుడు వదిలితే పంగుని తర్వాత వచ్చే చిత్తిరై నెల దాటే వరకు వాళ్ళు దొరకరు. ఇసుక, కంకర, కమ్మీలు రావాలి.

"గోడ ఉండనియ్యండయ్యా. లారీ ఏ దోవన వస్తాదో అది మీరే చెప్పండి."

ఇంకో దోవ ఒక్కటే. మా ముందు వాకిలి. అక్కడి నుంచి ఇంటి పక్కగా పెరట్లోకి బండి పోయేంత చోటుంది. కానీ వీధి మీద మా ముత్తాత ఎత్తించిన రాతి ద్వారం ఉంది. రెండు స్తంభాలు, పైన అడ్డరాయి, వాటికి టేకు తలుపులు. గుర్రం మీద వచ్చినవాడు ఎంతటివాడైనా అక్కడ దిగి తీరాలని అడ్డరాయిని కావాలనే కిందికి పెట్టించాడట. ఎద్దులబండి వస్తుంది, లారీ రాదు. దాన్ని తీస్తే తప్ప దోవ లేదు. అతను ఆ మాట అనలేదు. వీధి వైపు చూశాడు. సాయంత్రం చెబుతానని లేచాను.

ఇంటికి వచ్చి ద్వారం కింద నిలబడ్డాను. ముందు వాకిట్లో మా తాతలు కూర్చున్న చోటంతా గడ్డి. ఈ ఊళ్ళో మా ఇల్లు అని గుర్తు చెప్పాలంటే ఎవరైనా ఆ రాళ్ళనే చెబుతారు. పొలాలు పోయినప్పుడు, ఇప్పుడు పెరడు పోతున్నప్పుడు, అవైతే ఉన్నాయి కదా అనుకున్నాను. స్తంభం మీద చేయి పెట్టాను. పొద్దుటి ఎండకు ఒక పక్కే వెచ్చబడింది.

అక్క లోపలి నుంచి వచ్చింది. జరిగింది చెప్పాను, పేరు సంగతి కూడా. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?"

"నా పెళ్ళికి ముందే తెలుసు. నీకు చెప్తే అన్నం తినవని చెప్పలే."

ఇంటి వెనక నుంచి ఊప్, ఊప్, ఊప్ అని వినిపించింది. సాయంత్రం వరకు ఆగలేదు. ద్వారం తీసేయమని అక్కతోనే కబురు పంపాను.

పంగుని ఒకటో తేదీన నలుగురు గునపాలతో వచ్చారు. అడ్డరాయి దించేటప్పుడు వీధిలో ఉన్నవాళ్ళందరూ నిలబడి చూశారు. నేను పెరట్లో రాయి మీద కూర్చున్నాను. ఒక స్తంభం పాదం మట్టిలో ఎక్కడో పట్టుకుపోయి, పెకలించేటప్పుడు విరిగింది. ఆ చప్పుడు పెరటి దాకా వినిపించింది. తవుడు పిట్టలు ఒక్క క్షణం మాట్లాడ్డం ఆపి, మళ్ళీ అందుకున్నాయి.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. ముందు నుంచి లారీలు వచ్చి పునాదుల దగ్గర కంకర పోసి పోయేవి. ఆ దుమ్ములోనే వేపపూత రాలేది. వ్యాను యజమాని గోడకు ఇవతల నాలుగు కర్రలు పాతి తాడు కట్టించాడు, పనివాళ్ళు అటు పోకుండా. ముసలామె పొద్దున్నే వచ్చి బావి గట్టు మీద కూర్చునేది. ఇద్దరం మాట్లాడుకున్నది తక్కువ. పుంజు వాలినప్పుడల్లా ఆమె నా వైపు చూడకుండా, మెల్లగా, పిట్ట దిగింది అనేది. రెండో వారంలో నేనూ నవ్వాను.

పంగుని ఇరవై రెండో పొద్దున ఎండ ఇంకా చెట్టు తల దాటలేదు. బొక్కలోంచి ఒక ముఖం బయటికి వచ్చింది. ముక్కు పొట్టిది, తురాయి మాత్రం అప్పటికే ఉంది. దాని వెనక ఇంకొకటి తోస్తోంది. పుంజు పురుగు పట్టుకుని గోడ మీదికి వచ్చి, లోపలికి ఇవ్వకుండా, కొంచెం ఎడంగా నిలబడింది. పిల్ల ముక్కు తెరిచి చాలాసేపు అడిగింది. తర్వాత రాలినట్టు పడి, నేలకు ఒక మూర ఎత్తులో రెక్కలున్నాయని గుర్తొచ్చినట్టు, తేలుకుంటూ పోయి కంకర కుప్ప మీద వాలింది. వాలగానే తురాయి విప్పి చుట్టూ చూసింది. మధ్యాహ్నానికి మూడు బయటికి వచ్చాయి. నాలుగోది మరుసటి పొద్దున వచ్చింది. దాని కోసం ఆ రోజు పని ఒక గంట ఆలస్యంగా మొదలుపెట్టారు.

రెండు రోజుల తర్వాత గోడ తీసేశారు. నేను నిలబడి చూశాను. బొక్కలో కొన్ని ఈకలు, పురుగుల రెక్కలు, ఆ కంపు.

ద్వారం మళ్ళీ ఎత్తుదామని వ్యాను యజమాని తనంతట తానే మేస్త్రీని తీసుకొచ్చాడు. విరిగిన స్తంభం రెండు అడుగులు పొట్టిదైపోయింది, నిలబెట్టినా పై రాయి సరిగా కూర్చోదని మేస్త్రీ చెప్పాడు. అరుప్పుకోట్టైలో మగ్గాల షెడ్లున్న ఒకాయన పొలం దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాడు, పాత రాళ్ళ కోసం చూస్తున్నాడు. రెండు స్తంభాలు, అడ్డరాయి, టేకు తలుపు రెక్కలు రెండు, చిత్తిరై మొదటి వారంలో ఆయనకు అమ్మేశాం.